ఎస్తేరమ్మ కణాలు

కరోనా రెండో విడత తగ్గాక వచ్చిన వేసవిలో నన్ను పలాసకు వేశారు. హోదా సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేసే ఒక ప్రాజెక్టులో కణాలను పెంచే గది నా బాధ్యత. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది.

అక్కడ నన్ను ఊరించిన పరికరం ఒకటి ఉండేది. విశాఖలోని మరో ప్రయోగశాల నుంచి, వేసవి ముగిసేదాకా వాడుకోమని ఇచ్చినది. అరచేతంత ప్లాస్టిక్ పళ్లెం, దాని నిండా చిన్న చిన్న గుంటలు, ప్రతి గుంట అడుగున, అంచుల్లో కొంత వదిలి, పల్చటి బంగారు పూత. ఆ పూత ద్వారా కణాలకు హాని చేయనంత స్వల్పమైన కరెంటు పంపిస్తాం. కణాలు బతికి, అడుగుకు అంటుకుని పరుచుకుంటే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డునే ఇంపీడెన్స్ అంటాం. కణాలు చచ్చి ఊడిపోతే అది తగ్గుతుంది. రంగులు వేయనక్కర లేదు, కణాలను చంపనక్కర లేదు. వాటి క్షేమం కంప్యూటర్ తెర మీద గీతలా కనిపిస్తూ ఉంటుంది.

మూత్రంతో పాటు కిడ్నీ లోపలి కణాలు కొన్ని ప్రాణంతోనే బయటికి వస్తాయి. వాటిని పెంచగలిగితే ఉద్దానం మనుషుల కణాల మీదే ఉద్దానం నీళ్లను పరీక్షించవచ్చని మా ఆశ. కానీ నమూనాలు ఇచ్చేవారే లేరు. ఎవరెవరో వచ్చి రక్తం తీసుకుపోవడమే తప్ప తిరిగి కబురు చెప్పిన పాపాన పోలేదని ఊళ్లలో జనం విసిగిపోయి ఉన్నారు. ఒప్పుకున్నది ఒక్క ఎస్తేరమ్మ. అక్కుపల్లి వైపు నుంచి ఆటోలో పలాస వచ్చి జీడిపిక్కలు వలిచే మనిషి. భర్త ఈ జబ్బుతోనే పోయాడు. ఆమెకు ఇప్పుడిప్పుడే మొదలైంది.

డబ్బా చేతికిస్తే నవ్వేసింది. “ఉచ్చలో ఏటుంటాదమ్మా? పారబోసీదే కదా!”

నమూనాను యంత్రంలో గిరగిరా తిప్పి, అడుగున చేరినదాన్ని పోషక ద్రవంలో కలిపి కొన్ని గుంటల్లో వేశాను. పోల్చుకోవడానికి పక్క గుంటల్లో ఉత్త ద్రవమే పోశాను. రోజులు గడిచినా గీతలు కదలలేదు. మా విభాగాధిపతి మైక్రోస్కోపులో చూసి, ఏమీ లేవన్నారు. కణాలను వెచ్చగా ఉంచే ఇన్‌క్యుబేటర్ వేరే పనికి కావాలి, మర్నాడు పళ్లెం తీసేయమన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇది పోతే మాత్రం మా చేతిలో ఇంకో నమూనా లేదు.

పొద్దున్నే పళ్లెం తీసేద్దామని వెళ్లి, అలవాటుగా తెర వంక చూశాను. ఒక గుంట గీత తల ఎత్తింది!

ద్రవం ఆవిరైతే కూడా గీత మారవచ్చు. కానీ ఉత్త ద్రవమున్న గుంటల్లో గీతలు కదలకుండా, బల్లపరుపుగా ఉన్నాయి. బ్యాక్టీరియా చేరితే ద్రవం మసకబారాలి. ఇది తేటగా ఉంది. కణాల గది చెప్పులతో బయట అడుగు పెట్టకూడదని అందరికీ చెప్పే నేను, ఆ చెప్పులతోనే విభాగాధిపతి గదికి పరుగెత్తాను.

మైక్రోస్కోపులో కనబడలేదు కదా అని ఆయన అడిగారు. బంగారం గుండా వెలుతురు రాదు, కణాలు పూత మీదే ఉండి ఉంటాయి అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. చాలాసేపటికి, ఉంచండి అన్నారు.

గీత రోజురోజుకీ పైకి పాకింది. చివరికి కణాలు పూత అంచు దాటి వెలుతురు పడే చోటికి వచ్చాయి. గులకరాళ్లు పరిచినట్టు, ఒకదాన్నొకటి ఆనుకుని! ఎన్నడూ గొంతు పెంచని మా విభాగాధిపతి “వచ్చేశాయి! వచ్చేశాయి!” అని వరండాలోకి వినబడేలా అరిచారు.

ఆయన అనుమతితో ఎస్తేరమ్మను పిలిపించాం. మైక్రోస్కోపుకు కన్ను ఆనించి ఎంతకీ తల ఎత్తలేదు.

“ఇయి నాయేనా? నాను ఇక్కడుంటే అయి అందులో బతుకుతున్నాయేటి?”

అవునన్నాను. ఆమె నా వైపు తిరిగింది. “మరయితే నా రోగం తగ్గుతాదా?”

తగ్గదని చెప్పాను. ఈ కణాలకు ఏది హాని చేస్తోందో వెతకడానికే ఇవి పనికొస్తాయని, ఆమెకు మందు ఇందులో లేదని విడమరిచి చెప్పాను.

“నేదని సెప్పినారు కదమ్మా, సాలు. ఇన్నాళ్లూ మాకు అదీ ఎవులూ సెప్పనేదు. మా సంగపోల్లకి నాను సెప్తాను.”

తర్వాతి వారం ఆమె చర్చి ఆడవాళ్లు ఆటో నిండా వచ్చి దిగారు. పరికరాన్ని ఇంకొంతకాలం ఉంచుకోవడానికి విశాఖవాళ్లు ఒప్పుకున్నారు. జబ్బుకు కారణం నేను రిటైరయ్యేనాటికి తేలలేదు. పని సాగుతూనే ఉంది.

మైక్రోస్కోపులో కనబడకపోతే, కనబడలేదని మాత్రమే రాయాలి, లేవని రాయకూడదు. నమూనా ఇచ్చిన మనిషికి ఫలితం ఎంత చిన్నదైనా చూపించి, దాని హద్దు కూడా చెప్పాలి. మొదటిది మా నిబంధనల్లో ముందే ఉంది. రెండోది లేదు. చేర్చాం.