కళ్లు తెరవని బొమ్మ

ఆళ్లగడ్డలో బస్సు దిగితే ముందు చెవికి తగిలేది ఉలి చప్పుడు, ఆ తర్వాత పెదవికి తగిలేది రాతిపొడి. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక ఆ పొడి మరీ మెత్తగా, మరీ దట్టంగా ఎగురుతోంది. మొన్న శిల్పుల షెడ్ల ముందు నిలబడి కొంగుతో మూతి తుడుచుకుంటుంటే ఒకతను స్కూటర్ ఆపాడు. ఒకప్పుడు నంద్యాలలో మా కంప్యూటర్ సెంటర్లో చదువుకున్నాడట. నా పేరు అతనికి గుర్తులేదు. కథ మాత్రం గుర్తుంది. "వీరాచారి సార్ గేములో లెక్కలు మార్చి గెలిపించినాడే, ఆ మేడం మీరే గదా?" అన్నాడు.

గెలిపించలేదు. ఆ మాట అతనికీ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ఈ కథ చెప్పేవాళ్లెవరూ "గెలిపించినాడు" దగ్గర ఆగరు. ఆ వెంటనే ఒక చిన్న నవ్వు నవ్వుతారు. పెళ్లికాని ఆడపిల్లను యజమాని ఊరికే ఎందుకు గెలిపిస్తాడు అని ఆ నవ్వుకు అర్థం. నా తగాదా అసలు ఆ నవ్వుతోనే.

వీరాచారి సార్‌ది ఆళ్లగడ్డ శిల్పుల ఇల్లు. చిన్నప్పుడే రాతిపొడి ఆయన రొమ్ముకు పడలేదు. దగ్గు పట్టుకుంటే వాళ్ల నాయన ఉలి లాక్కుని చదువుకు తరిమాడు. ఆయన కంప్యూటర్లు నేర్చుకుని నంద్యాలలో ఒక బట్టలకొట్టు మిద్దె మీద సెంటర్ పెట్టారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బీఎస్సీ అయిపోయి నేను అక్కడ పాఠాలు చెప్పడానికి చేరాను. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సు. రాయిని వదిలినా రాయి అలవాట్లు ఆయన్ను వదల్లేదు. కొబ్బరికాయైనా, కొత్త బల్లైనా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విన్న తర్వాతే డబ్బు తీసేవారు.

సాయంత్రం బ్యాచీలు అయిపోయాక ఆ కంప్యూటర్ల మీద ఒక గేము నడిచేది. కత్తివీరుడు, విలుకాడు, మంత్రగాడు, వైద్యురాలు ఇలా రకరకాల మనుషులతో ఒక దండు కట్టుకోవాలి. గళ్లు గీసిన నేల మీద, చదరంగంలో లాగా, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి. ఎవరికెంత ప్రాణం, ఎవరి దెబ్బకెంత బలం అన్నవన్నీ ఒక ఫైలులో అంకెలుగా ఉండేవి. అది తెరిచి అంకెలు మార్చితే మనుషుల బలాబలాలు మారతాయి. కుర్రాళ్లు దాన్ని మాడ్ అనేవాళ్లు. సార్‌కు ఆట మీదకన్నా ఆ ఫైలు మీదే మోజు.

"మంత్రగాడు ఒక్క దెబ్బకు నలుగుర్ని కూలుస్తాండాడు. అందరూ వాన్నే ఎత్తుకుంటాండారు. ఇంగ ఆట యాడుంది?" అన్నారొకరోజు.

"అయితే అందరికీ సమానంగా పెట్టండి సార్."

"పులిజూదంలో పులికీ మేకకూ సమానముందా? ఆట నడుస్తాంది గదా."

"మేకలు మీరు తీసుకుని పులులు నాకియ్యండి. అప్పుడు చెప్పండి ఈ మాట."

ఆయన నవ్వలేదు. "మేకల పక్క కూర్చున్నోళ్లకే ఆట వస్తాది శారదా. పులి పక్కనోడు దుంకడం ఒకటే నేర్చుకుంటాడు" అన్నారు. పులి పక్కన కూర్చున్నవాళ్లు ఇలాంటి నీతులు బాగా చెబుతారని నేను అన్నాను. మనసులో కాదు, పైకే.

గేములో మొహాలన్నీ తెల్లదొరల మొహాలు. అవి ఆయనకు నచ్చలేదు. కాగితం మీద మన మొహాలు గీసి, వాటిని గేములోకి ఎక్కించేవారు. నాతోపాటు పాఠాలు చెప్పే సుధాకర్ మీసం కత్తివీరుడికి వచ్చింది. నాకూ ఒక మనిషిని చేశారు. కత్తి లేదు, విల్లు లేదు. ఆయుధం నోరు. ఆమె మాట విసిరితే ఎదుటివాడు ఆ వంతు కదలలేడు.

"నోటికి ఎంత బలం పెట్టమంటావు?" అని అడిగారు.

"ఉన్నంత పెట్టండి."

సుధాకర్ అందుకున్నాడు. "అక్క నోరంతా ఎక్కియ్యాలంటే ఇంగో కంప్యూటర్ కొనల్ల సార్."

బొమ్మ నాలాగే ఉంది, కళ్లు మాత్రం మూసి ఉన్నాయి. అడిగితే, శిల్పానికి కళ్లు ఆఖర్న తెరుస్తామని, అంకెల తూకం కుదిరేదాకా ఏ బొమ్మకూ కళ్లు తెరిచేది లేదని చెప్పారు. వారం తిరిగేలోపు సుధాకర్ కత్తివీరుడు కళ్లు తెరిచాడు. తర్వాత విలుకాడు, వైద్యురాలు. నాది తెరవలేదు. "ఇంకా పనుంది" అనేవారు. ఏం పనో చెప్పేవారు కాదు.

ఆ ఎండాకాలం ఆయన ఆళ్లగడ్డలో రెండో సెంటర్ తెరవాలనుకున్నారు. దాన్ని చూసుకునేది నేనా, సుధాకరా అన్నది తేలలేదు. నాకు ఆ పని కావాలి. సొంత ఊళ్లో నా పేరున ఒక కుర్చీ కావాలి. ఆట వేరు, ఉద్యోగం వేరు అని సార్ అందరితో అన్నారు. అలా అన్నవారు, నేనూ సుధాకరూ గేములో పోటీకి కూర్చున్న సాయంత్రం మా వెనకే కుర్చీ వేసుకుని ఎందుకు కూర్చున్నట్టు?

ఆట మొదలైన కాసేపటికే నాకు ఏదో తేడా తెలిసింది. ఎప్పుడూ నాలుగు దెబ్బలు కాచుకునే నా మనిషి రెండు దెబ్బలకే తూలిపోతోంది. మాట విసిరితే సగంసార్లు తగలడం లేదు. దాంతో ముందుకు పోవడం మానేశాను. ఇరుకు వంతెన వెనక దాక్కుని, సుధాకర్ దండును ఒక్కొక్కరిగా వంతెన మీదికి రానిచ్చి, ఆపి కొట్టాను. గెలిచాను.

సుధాకర్ లేచి వచ్చి నా కంప్యూటర్లో ఫైలు తేదీ చూశాడు. "అక్కా, ఇది ఈపొద్దే మారింది. మార్చిందెవరప్పా?"

అందరూ సార్ వైపు తిరిగారు. ఆయన దగ్గి, "నేనే" అన్నారు. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ నవ్వు మొదటిసారి విన్నది అప్పుడే, నా వెనక నుంచి.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చి ఫైలు తెరిచాను. పెంచలేదు, తగ్గించారు. నా మనిషి ప్రాణం, నోటి బలం రెండూ సగానికి సగం కోసేశారు. సుధాకర్ కత్తివీరుణ్ని ముట్టుకోలేదు. కింద టీ అంగట్లో ఉన్న సుధాకర్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసరికి, ఆ కంప్యూటర్ ముందు సార్ కూర్చుని ఉన్నారు. అంకెలు మళ్లీ పాతవే.

"ఏందక్కా, ఏముంది ఈడ?" అన్నాడు సుధాకర్. సార్ తల ఎత్తలేదు. అతను వెళ్లిపోయాక అడిగాను.

"ఎందుకు తగ్గించినారు?"

"రాయిని తట్టకుండా ఉలి పెట్టం. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతాది. తట్టి చూసినా."

"సుధాకర్‌ను తట్టలేదే?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

"పోనీ, నిన్న అందరి ముందర ఆ మాట అనొచ్చు గదా?"

"నువ్వు చెప్పుకో. ఆయుధం నీ చేతికిచ్చినా గదా."

చెప్పుకున్నాను. ఎవరూ నమ్మలేదు. నెల తిరక్కుండా ఆళ్లగడ్డ సెంటర్ నాకే ఇచ్చారు. దాంతో ఆ నవ్వుకు సాక్ష్యం కూడా దొరికింది. నేనైతే రెండు వైపులా వాదించుకున్నాను. తట్టి చూశారు, నేను కంగున మోగాను, అందుకే ఇచ్చారు. లేదా సుధాకర్‌కు ఇవ్వాలని ముందే అనుకుని, నన్ను అందరి ముందర ఓడించాలని చూశారు, నేను ఓడకపోయేసరికి ఇవ్వక తప్పింది కాదు. రెండు వాదనల్లోనూ ఎక్కడా బీట కనిపించదు. అదే నా బాధ.

కొన్నేళ్లకు ఆయన దగ్గు ముదిరి ఆళ్లగడ్డకే వచ్చేశారు. అడుగుదామని రెండుసార్లు వెళ్లాను. మంచం మీద ఆ ఆయాసం చూసి, వాళ్లమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి తిరిగొచ్చాను. మూడోసారి వెళ్లేసరికి వాకిట్లో జనం ఉన్నారు.

ఆయన దగ్గర నేర్చిన పని ఒకటి ఇప్పటికీ చేస్తున్నాను. నా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు, చెప్పకుండా, అన్నిటికన్నా మొండి బ్యాచీని ఇచ్చి చూస్తాను. కాకపోతే ఆడా మగా చూడను, అందరినీ తడతాను. తర్వాత పిలిచి ఎందుకు తట్టానో చెబుతాను. ఆ ఒక్క విషయంలో ఆయనకన్నా నేనే మేలు.

సార్ గీసిన బొమ్మలతో సహా ఎక్కించి పెట్టుకున్న గేము సీడీ నా బీరువాలో ఉంది. షెడ్ల దగ్గర నుంచి వచ్చాక పాత కంప్యూటర్లో వేసి చూశాను. కత్తివీరుడు, విలుకాడు, వైద్యురాలు, అందరూ కళ్లు విప్పుకుని నన్నే చూస్తున్నారు. నా బొమ్మ ఒక్కటే మూసుకుని ఉంది. గెలిచాక కూడా తెరవలేదు, కుర్చీ ఇచ్చాక కూడా తెరవలేదు. పెదవి మీద రాతిపొడి ఇంకా పోలేదు. ఆ మూసిన కళ్లనే అడిగాను, అడగాల్సిన మనిషి లేడు కనక.

సార్, మీరు నన్ను తట్టి చూసినారా, పగలాలని కొట్టినారా?