గడప దాకా గోనెసంచులు

లాల్‌దర్వాజాలో బాబురావు అంటే ఎవరికీ తెలియదు. నీళ్ల బాబురావు అంటే మాత్రం తొట్లో పిల్ల కూడా తల తిప్పి చూసేది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ చుట్టుపక్కల గల్లీలకు నీళ్లు వదిలిన మనిషి. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి, మనిషి ఎత్తు ఇనుప చాబీ భుజాన వేసుకుని బయలుదేరేవాడు. రోడ్డు మధ్యలోని ఇనుప మూతను ఖంగుమని పక్కకు లాగి, లోపలి వాల్వుకు చాబీ తగిలించి తిప్పేవాడు. ఒక గల్లీకి పదకొండు చుట్లు, పక్క గల్లీకి తొమ్మిది. ఆ లెక్క ఏ కాగితం మీదా లేదు, ఆయన భుజానికి తెలుసంతే.

ఆయన ఫోను సంగతి వేరే చెప్పాలి. రోజుకు అరవై డెబ్బై సార్లు మోగేది. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, నీళ్లెప్పుడొస్తయ్?" బోనాల వారం వచ్చిందంటే ఇక అడగకండి. ఇల్లు కడగాలని ఒకరు, చుట్టాలు దిగారని ఒకరు, ముద్ద నోట్లో పెట్టుకోనిచ్చేవారు కాదు. తిన్నావా అని అడిగిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు. బాబురావు విసుక్కునేవాడు, లోపల్లోపల తిట్టుకునేవాడు. అయినా ఏ ఫోనూ ఎత్తకుండా వదల్లేదు. భార్య పద్మ పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఆ ఒంటిగది కిరాయి ఇంట్లో వినబడే మనిషి గొంతు ఫోనులోదే.

భూరీ ఆయన వెంట పడింది ఆరేళ్ల కిందట. గోధుమరంగు ఆడకుక్క. శాలిబండ చాయ్ హోటల్ వాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. ఒక ఎండాకాలం, వాల్వు గుంతలో కారిన నీళ్లు తాగడానికి వచ్చింది. తర్వాతి తడవకు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఇనుప మూత చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. మొత్తం ఏడు వాల్వులు. ఏడింటి దగ్గరా పెద్ద అధికారిలాగా కూర్చుని పని చూసేది. చివరిది మహంకాళి గుడి మలుపులో. అక్కడ దానికి రెండు బిస్కట్లు పెట్టి, "ఇగ ఇద్దరం డ్యూటీ దిగినం, పో" అనేవాడు బాబురావు. అది పోయేది.

పోయిన ఏడాది ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఊరందరికీ నీళ్ల టైం చెప్పినవాడికి గడియారం ఇవ్వాలని ఎవరికి తోచిందో గాని, అది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ టిక్కుటిక్కుమంటూ ఆయన్ను వేపుకు తింటూనే ఉంది. ఫోను చేసిన ప్రతి ఒక్కరికీ ఓపికగా, "నేను రిటైరైన. అంజన్ అని కొత్తాయన వచ్చిండు, ఆయన నంబర్ రాసుకోండ్రి" అని చెప్పాడు. చేజేతులా గొయ్యి తవ్వుకోవడమంటే ఇదే. నెల తిరిగేసరికి ఫోను మూగబోయింది.

మనుషులు పోయినా కుక్క ఉంటుందనుకున్నాడు. రిటైరయ్యాక వచ్చిన మొదటి నీళ్ల రోజున బిస్కట్లు పట్టుకుని తన ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. అంజన్ చాబీ వేసుకుని వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. వాడి వెనక భూరీ. బాబురావును చూసి తోక ఊపింది, రెండు బిస్కట్లూ తిన్నది. ముందు గల్లీలో మూత ఖంగుమనగానే చెవులు నిలబెట్టి అటు ఉరికింది.

"నేనేం రమ్మన్లే అన్నా. అదే వస్తున్నది" అన్నాడు అంజన్ తప్పు చేసినవాడిలాగా.

"పోనీ, పోనీ. నీ ఎంబడే పోనీ. మళ్ల నా గడప తొక్కద్దని చెప్పు దానికి" అన్నాడు బాబురావు. కుక్క మీద అలిగిన మనిషిని చూసి గల్లీలో ఎవరో నవ్వారు కూడా. ఆయన మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

మే నెలలో ఒక పొద్దున ఫోను మోగింది. అంజన్. "అన్నా, భూరీ..." అన్నాడు. ఇరుకు గల్లీలో వెనక్కి వస్తున్న నీళ్ల ట్యాంకరు చక్రం దాని ఎడమ వెనక కాలు మీదుగా పోయింది. బాబురావు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాడు. ఆటోలో ఆస్పత్రి దాకా దాని తల ఆయన ఒళ్లోనే ఉంది. గడప తొక్కద్దన్న మాట దారి పొడవునా గుర్తొస్తూనే ఉంది.

జంతువుల ఆస్పత్రిలో డాక్టర్ ఆశ్రిత ఆ కాలును తుంటి దాకా తీసేసింది. కాస్త ముక్క మిగిలిస్తే అది నేలకు రాసుకుని పుండవుతుందని చెప్పింది. అయిదో రోజున భూరీని అప్పగిస్తూ, కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ తొడుగు తొడిగింది. "జారే నేల మీద నడిపించకండి, ఏదైనా పరవండి. మొదటి వారం పొట్ట కింద టవల్ వేసి పట్టుకోండి, ఆ తర్వాత వదిలేయండి. బరువు పెరగనివ్వొద్దు. కుక్కలు పోయిన కాలు కోసం కూర్చుని ఏడవవు సర్, మిగిలిన మూడింటితో పని మొదలుపెడతాయి. మనం అడ్డం రాకుంటే చాలు."

బాబురావు గదిలో నేల షాబాద్ బండలది. ఎన్నేళ్లనుంచో తుడిచి తుడిచి నున్నగా అద్దంలా తేలింది. భూరీ లేచి ఒక్క అడుగు వేసింది, ఉన్న ఒక్క వెనక కాలూ జారి, కుట్ల పక్కకే పడింది. అది పెట్టిన అరుపుకు పైనుంచి ఇంటావిడ లక్ష్మీకాంతమ్మ దిగొచ్చింది. ఆ రోజే బాబురావు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, తెలిసిన హమాలీ దగ్గర పది గోనెసంచులు తెచ్చాడు. భూరీ పడక దగ్గర్నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి గది మధ్య దాకా ఆరు సంచులు పరిచాడు. చాల్లే, ఇంకెక్కడికి పోతుంది అనుకున్నాడు. మిగిలిన నాలుగూ మడిచి అటక మీద పెట్టాడు. ఆరో సంచి అంచు నుంచి గడప దాకా ఒట్టి బండలే.

ఆ నెల రోజులూ బాబురావుకు బాగా గడిచాయి. ఒక ప్రాణి కాలు పోగొట్టుకుని పడి ఉంటే బాగా గడిచాయని చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ నిజం అదే. పొద్దున్నే లేవడానికి ఒక పని దొరికింది. గుడ్డు ఉడకబెట్టి అన్నంలో పిసికి పెట్టేవాడు. కుట్లు తడవకుండా ఒళ్లు తుడిచేవాడు. బయటికి పోవాలంటే రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయి, మళ్లీ ఎత్తుకొచ్చి పడకలో పెట్టేవాడు. కుట్లు విప్పాక కూడా అంతే. టవల్ దండెం మీదే ఉండిపోయింది. "నీకెందుకే తిప్పలు, నేను లేనా" అనేవాడు. పద్మ మాటలు, పాత ఆఫీసర్ల మాటలు, పైపులు పగిలిన కథలు, అన్నీ దానికే చెప్పేవాడు.

ఒక్కటే ఇబ్బంది. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి బయట ఇనుప మూత ఖంగుమనేది. భూరీ చెవులు లేచేవి. దేకుతూ దేకుతూ ఆరో సంచి అంచు దాకా వచ్చేది. ముందు కాలొకటి బండ మీద పెట్టి, వణికి, వెనక్కి తీసుకునేది. సన్నగా మూలిగేది. అప్పుడు బాబురావు లేచి టీవీ సౌండు పెంచేవాడు.

ఒకనాడు లక్ష్మీకాంతమ్మ పెరుగు గిన్నె తెచ్చి ఇస్తూ గది వంక చూసింది. "ఏందయ్యా బాబురావ్, సంచులు సగంల ఆపినవ్? గడప దాక పరువరాదు?"

"అయిపోయినయమ్మా."

ఆవిడ అటక వంక చూసింది. మడిచిన సంచుల అంచులు కిందికి వేలాడుతున్నాయి. "గట్లనా" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

నలభయ్యో రోజున ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టర్ ఆశ్రిత భూరీని తూకం వేసి మొహం చిట్లించింది. మూడు కిలోలు పెరిగింది. మిగిలిన వెనక కాలి తొడ పట్టుకుని చూసింది, కండ కరిగి పుల్లలా ఉంది.

"రోజుకు ఎంత దూరం నడుస్తోంది?"

"నేనే ఎత్తుకుంట మేడం."

"బాబురావు గారూ, ఇది నడవలేకపోతోందా, మీరు నడవనివ్వట్లేదా?"

ఆయన గోడ మీద అతికించిన టీకాల కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"ఇంకో నెల ఇలాగే ఎత్తుకుంటే ఆ కాలు కూడా పనికిరాకుండా పోతుంది. అప్పుడు నేను కూడా ఏం చేయలేను" అంది ఆశ్రిత.

ఇంటికి రాగానే స్టూలు వేసుకుని అటక మీదికి చెయ్యి చాచాడు. చెయ్యి సంచుల దాకా పోయి ఆగింది. అవి పరిస్తే భూరీ గడప దాకా వస్తుంది. గడప దాటితే అంజన్ వెంట పోతుంది. పోతే ఈ గదిలో ఆయనా, ఆ గడియారమూ మిగులుతారు. స్టూలు దిగి, దానికి అన్నం కలిపాడు. మామూలుకంటే ఒక ముద్ద ఎక్కువే కలిపాడు.

మర్నాడు నీళ్ల రోజు. ఆరింటికి బయట మూత ఖంగుమంది. అలవాటుగా బాబురావు రిమోట్ తీసుకున్నాడు. తీసుకుని, భూరీ వంక చూశాడు. దాని చెవి కదల్లేదు. వినపడలేదేమోనని టీవీ పూర్తిగా ఆపేశాడు. రెండో వాల్వు మూత మోగింది, ఇంకా స్పష్టంగా మోగింది. భూరీ కళ్లు తెరిచే ఉంది. మెల్లగా మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది.

బాబురావు రిమోట్ కింద పెట్టేశాడు. ఆ తిరగడం ఆయనకు తెలుసు. రిటైరయ్యాక మూడు నెలలపాటు అయిదున్నరకే మెలకువ వచ్చేది. చప్పుడు వినగానే లేచి కూర్చునేవాడు, ఫలానా గల్లీకి ఇన్ని చుట్లు అని మనసులో తిప్పేవాడు. నాలుగో నెలలో ఒక పొద్దున చప్పుడు విని కూడా, ఇలాగే, సరిగ్గా ఇదే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు తనలో ఏదో చచ్చిపోయింది. అందుకు ఎవర్నీ అనడానికి లేదు, ఉద్యోగానికి వయసైపోయిందంతే. మరి దీనికి ఏమైపోయింది? దీన్ని చంపుతున్నది తనే.

స్టూలు వేశాడు. నాలుగు సంచులూ కిందికి లాగాడు. దుమ్ము దులపడానికి కూడా ఆగకుండా ఒకటి తర్వాత ఒకటి పరిచాడు. నాలుగోది సరిగ్గా గడప మీదికి వచ్చింది. బయటి మెట్టుకు ఒక పాత చెక్క ఏటవాలుగా ఆనించాడు. భూరీని పిలిచాడు. అది తల కూడా ఎత్తలేదు. ఇంకోసారి పిలవబోయి ఊరుకున్నాడు. మెట్టు మీద, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

చాలాసేపటికి వెనక గోనె మీద గోళ్లు గీరుకున్న చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. తిరిగి చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని ఆయన తిరగలేదు. చివరికి వెచ్చటి ఊపిరి మెడకు తగిలింది. బాబురావు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. పైనుంచి లక్ష్మీకాంతమ్మ చూసిందేమో, చూస్తే చూడనీ.

ఆ తర్వాత మూడు వారాలు. అన్నం సగానికి తగ్గింది. మొదట పొట్ట కింద టవల్ వేసి పది అడుగులు, తర్వాత టవల్ లేకుండా ఇరవై, ఆపైన గల్లీ మలుపు దాకా. భూరీ గెంతుతూ నడవడం నేర్చుకుంది. రెండుసార్లు పడింది. పడినప్పుడల్లా ఆయన చేతులు వాటంతటవే ముందుకు పోయేవి. అందుకని చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడవడం ఆయన నేర్చుకున్నాడు.

బోనాలు అయిపోయిన తర్వాతి వారం, ఒక నీళ్ల రోజు. మొదటి మూత ఖంగుమంది. భూరీ లేచింది. పది సంచులూ గెంతుకుంటూ దాటింది, చెక్క మీదుగా దిగింది, గల్లీలోకి తిరిగి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. బాబురావు పిలవలేదు. టీవీ పెట్టలేదు. దాని గిన్నె కడిగి బోర్లించి, మళ్లీ తిప్పి నీళ్లు పోసి పెట్టాడు.

అరగంటకు ఫోను మోగింది. ఎన్నాళ్లకో.

"అన్నా, భూరీ ఈడికొచ్చింది" అన్నాడు అంజన్, ఆయాసపడుతూ. "మూడో వాల్వు కాడ కూసున్నది. మూడు కాళ్లతోని ఎట్లొచ్చిందో ఏమో! వచ్చి తోల్కపోతవా?"

బాబురావు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"వద్దు. ఉండనీ. డ్యూటీల ఉన్నది."

"సరే అన్నా."

"అంజన్... గుడి కాడ ఎత్తెక్కేదుంటది గదా, ఆడ జర మెల్లగ నడువు. వెనకకు జూసుకుంట నడువు. అయిపోయినంక రెండు బిస్కట్లు పెట్టు."

ఫోను పెట్టేశాక గడియారం చప్పుడు వినిపించింది. గడప మీది సంచి, భూరీ దూకిన ఊపుకు, ఒక పక్కకు జరిగి ముడతపడి ఉంది. బాబురావు లేచి వెళ్లి దాన్ని సరిగ్గా పరిచాడు.