గోడ కరెంటుకు నోరు విప్పిన పెట్టె

బురుల్చాకు ముక్కు మీదే కోపమని కారాకోల్ బండ్ల అడ్డాలో తెలియనివాళ్లు లేరు. అక్కడి నుంచి రాజధాని బిష్కెక్‌కు జనాన్ని చేరవేసే డ్రైవర్లలో ఆమె ఒక్కతే ఆడది. భర్త తలాయ్ బతికున్న రోజుల్లో జర్మనీ నుంచి ఒకే రకం వ్యాన్లు రెండు తెప్పించి, ఒకటి తాను నడిపి, రెండోది తమ్ముడు మెలిస్‌కు ఇచ్చాడు. తలాయ్ గుండెపోటుతో పోయాడు. కర్మకాండలు ముగిసిన వారానికే బురుల్చా బండి తాళాలు చేతికి తీసుకుంది.

"మగాళ్ల మధ్య నిలబడి సీటు సీటు అని అరుస్తావా కెలిన్?" అని కోడల్ని నిలదీసింది అత్త కాలీపా.

"అరవకపోతే ఎవరెక్కుతారు అపా? మీరెక్కుతారా?"

ఆచారం ప్రకారం ఇల్లు చిన్నకొడుకుది. బురుల్చా, కూతురు ఐదై అదే వాకిట్లో పక్కగదిలో ఉండేవారు. వంటిల్లు అందరికీ ఒకటే. మెలిస్ తీయటి మాటలవాడు. "జెనే, జెనే" అంటూ వదిన వెనకే తిరిగేవాడు. ఆ శరదృతువులో ఎవరో పెళ్లివారిని దింపాలని, తన బండి బాగాలేదని, ఆమె బండి ఒక్కరోజు అడిగి తీసుకెళ్లాడు. మర్నాడు కడిగి మరీ తెచ్చి అప్పగించాడు. వదినకు మొదటిసారి వాడి మీద ముచ్చటేసింది.

అప్పటి నుంచే బండికి జబ్బు పట్టింది. బయలుదేరినప్పుడు గుర్రంలా ఉండేది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టి ఆగిపోయేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలేది. ఒకరోజు బూమ్ లోయ మలుపులో ఆగింది. వెనక బొగ్గు లారీ హారన్ కొడుతుంటే ప్రయాణికులు దిగి తోశారు. శాతార్ అనే ముసలాయన మంచు మీద జారిపడ్డాడు, మణికట్టు విరిగింది. ఆ సంగతి ఆమె కంటే ముందే అడ్డాకు చేరింది.

"ఆడది తోలే బండి, ఆడదానిలాగే అలుగుతుంది" అన్నాడొకడు. అందరూ నవ్వారు. వాళ్ల మధ్య నిలబడి మెలిస్ కూడా నవ్వాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఎందుకు జెనే ఈ తిప్పలు? బండి నాకు వదిలెయ్, ఏదో నేనే పడతా" అన్నాడు జాలిగా.

ఆమె పళ్లు కొరికింది. కోపం వాడి మీద కాదు, బండి మీద, రోడ్డు మీద, ఇంత తొందరగా పోయిన తలాయ్ మీద.

మెకానిక్ యూసుర్ దుంగాన్ తెగ ముసలాయన. పంపు మార్చాడు, తీగలన్నీ వెతికాడు, ఫలితం లేదు. చివరికి ఇంజిన్ పక్కనుండే అల్యూమినియం పెట్టె ఊడదీశాడు. "ఇది బండి బుర్ర. ఇదే చెడిందేమోనని నా అనుమానం. బండిలో ఉంటే తేలదు. బల్ల మీద పెట్టి కరెంటిచ్చి, వేడెక్కేదాకా చూడాలి. నా గరాజుకేమో ఈ వారం కరెంటు కోసేశారు."

"మా ఇంటికి రండి బాయికే. గోడకు కరెంటుంది."

"గోడ కరెంటు తిన్నగా ఇస్తే ఇది గుటుక్కుమంటుంది తల్లీ. అది రెండొందల ఇరవై, దీని కడుపుకు పట్టేది పన్నెండు."

మధ్యాహ్నం సంచి పట్టుకుని వచ్చాడు. అందులో ఆ పెట్టె, పాత ఆఫీసు కంప్యూటర్‌లోంచి తీసిన కరెంటు డబ్బా, తీగల చుట్ట, మూత పగిలిన ల్యాప్‌టాప్. వాటిని వంటింటి బల్ల మీద పెట్టబోతుంటే కాలీపా అడ్డుపడింది. "రొట్టె పెట్టే బట్ట మీద ఇనుమా? పాపం!" బురుల్చా విసురుగా రొట్టెను బట్టతో సహా ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టింది.

యూసుర్ డబ్బాను గోడ ప్లగ్గుకు తగిలించి, ముందు మీటరుతో పన్నెండు వస్తోందో లేదో చూశాడు. తర్వాత దాన్ని ఆపి పెట్టెకు నల్లతీగ ఒకచోట, ఎర్రతీగలు రెండు చోట్ల గుచ్చాడు. "ఒకటి ఎప్పుడూ ఉండే కరెంటు, రెండోది తాళం తిప్పితే వచ్చేది. ఇవి తారుమారైతే మనం దీన్ని పాతిపెట్టుకోవడమే." ల్యాప్‌టాప్ కూడా కలిపి స్విచ్ నొక్కాడు. పెట్టెకు తోడు పెట్టిన రిలే, అదే చిన్న స్విచ్, టిక్కుమంది. తెర మీద అక్షరాలు కదిలాయి.

బురుల్చా ఊపిరి వదిలింది. యూసుర్ పెట్టెను పొయ్యి పక్కకు జరిపాడు. టీ తాగుతూ కూర్చున్నారు. పెట్టె వేడెక్కింది. ఉన్నట్టుండి తెర ఖాళీ అయింది. చల్లటి కిటికీ దగ్గరికి జరిపితే కాసేపటికి మళ్లీ పలికింది.

"లోపల ఎక్కడో అతుకు వదిలింది. వేడికి విడిపోతోంది. జబ్బు దొరికింది" అన్నాడు యూసుర్. తర్వాత కళ్లజోడు సర్దుకుని తెరలోకి వంగాడు. "ఇదేంటి? ఫ్యాక్టరీ వాళ్లు ప్రతి పెట్టెలోనూ దాని బండి నంబరు రాస్తారు. నీ బండి కాగితం ఇటియ్యి."

కాగితం తెచ్చింది. చివరి అంకెలు కలవలేదు.

"ఇది నీ బండి బుర్ర కాదమ్మా."

"మూసెయ్యండి ఇంక" అంది కాలీపా తటాలున. "ఇనుప ముక్కలకు నంబర్లేంటి! ఏ బండిదైతేనేం, పలికింది కదా."

బురుల్చా అత్త ముఖం చూసింది. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు, భయం ఉంది. అంతే, చేతికందిన గుడ్డ పట్టుకుని వాకిట్లోకి నడిచింది. మెలిస్ బండి ముందు అద్దం మీద మంచు పేరుకుని ఉంది. మూల తుడిచి చూసింది. అద్దం అడుగున చెక్కిన నంబరు, యూసుర్ చదివిన నంబరు ఒకటే.

లోయ, లారీ హారన్, మంచు మీద పడ్డ ముసలాయన కేక, అడ్డాలో నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి.

భర్త వైపు వాళ్ల పేరు కోడలు పలకకూడదు. పెళ్లయిన నాటి నుంచి మరిదిని ఆమె 'చిన్నబాబు' అనే పిలిచేది.

"మెలిస్!" అని అరిచింది. పక్కింటి కుక్కలు మొరిగాయి. "బయటికి రారా మెలిస్!"

వాడు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆమె చేతిలో గుడ్డ, వెనక గుమ్మంలో యూసుర్. సంగతి అర్థమై ముఖం పాలిపోయింది.

"జెనే, చెబుదామనే అనుకున్నా... నాది ఆగిపోతోంది, పిల్లలున్నవాణ్ణి..."

"నాకున్నది కుక్కపిల్లా? నా బండి బుర్ర తీసుకుని నీ చచ్చిన బుర్ర నాకు తగిలించి, అడ్డాలో నిలబడి నవ్వుతావా? లారీ గుద్దితే ఐదై ఎవరి ముఖం చూడాలిరా?"

"గట్టిగా అరవకు, పరువు!" అంది కాలీపా. "ఇంటి వస్తువు ఇంట్లోనే ఉంది కదా. నేనే చెప్పొద్దన్నాను."

బురుల్చా అత్త వైపు తిరిగింది. ఈసారి అరవలేదు. "నీకు తెలిసి, ప్రతి తెల్లవారుజామునా నా బండికి పాలు చల్లి, క్షేమంగా వెళ్లిరా అని సాగనంపావా?"

ముసలామె వంటింట్లోకి వెళ్లిపోయింది.

బురుల్చా యూసుర్ చేతిలోంచి రెంచీ లాక్కుని, మెలిస్ బండి మూత ఎత్తి, పెట్టె ఊడదీసింది. చలికి వేళ్లు చీలి రక్తం వచ్చినా ఆగలేదు. వాడు అడ్డం రాబోతే యూసుర్, "జరుగు నాయనా, ఆ రెంచీ బరువైనది" అన్నాడు. వంటింట్లోంచి జబ్బు పెట్టెను తెచ్చి వాడి చేతుల్లోకి విసిరి, గరాజుకెళ్లి తనది తన బండిలో బిగించుకుంది.

ఆ వారంలోనే కూతుర్ని తీసుకుని బస్టాండు దగ్గర అద్దెగదిలోకి మారింది. శాతార్ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుని, "నిన్ను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవాలా?" అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. అడ్డాలో కూడా సంగతి పాకింది. నవ్వినవాళ్లలో ఒక్కడూ క్షమించమనలేదు. కాని ఆమె సీటు సీటు అని అరిస్తే ఇప్పుడెవరూ వెక్కిరించడం లేదు.

మెలిస్ పెట్టె బాగుచేయించుకున్నానని చెప్పుకున్నాడు. వసంతంలో ఒకరోజు బురుల్చా దాదాపు ఖాళీ బండితో బిష్కెక్ నుంచి తిరిగొస్తుంటే లోయలో వాడి బండి మూత లేచి కనిపించింది. గట్టు మీద ప్రయాణికులు, ఒకామె ఒళ్లో పసిపిల్ల. బురుల్చా ఆపింది. వాళ్లందరినీ తన బండిలో సర్ది కూర్చోబెట్టింది. ముందు ఒక సీటు మిగిలింది.

"జెనే..." అన్నాడు మెలిస్ దగ్గరికొచ్చి.

ఆమె చేతిసంచి తీసి ఆ సీటులో పెట్టి, బండి కదిలించింది.

దారిలో బాలిక్చి ఊళ్లో ఆగి, చెడిన బండ్లు లాగే అతనికి ఆ మలుపు గుర్తులు చెప్పి, మరిది బండి లాక్కురమ్మంది. "మరిది మీద జాలేసిందా?" అని అడిగాడతను.

"చీకటి పడుతోంది. వెనక వచ్చేవాడు ఆ బండిని గుద్ది చస్తాడు" అంది విసురుగా.