మూలన చాయ్ మరక

నేను రాసిన పరిశోధన వ్యాసాన్ని ఇంతవరకు ఒక్కరే తమ వ్యాసంలో ప్రస్తావించారు. ఆ ఒక్కరూ నేనే. రెండో వ్యాసం రాస్తూ మొదటిదాన్ని కాస్త గొప్పగానే తలచుకున్నాను మరి.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రిలో నేను నాణ్యత చూసే నర్సుని. చేతులు కడుక్కున్నారా, మందు సరిగ్గా ఇచ్చారా, ఇంటికి వెళ్ళే రోగికి జాగ్రత్తలు అర్థమయ్యేలా చెప్పారా అని తిరిగి చూసి తప్పులు పట్టడం నా ఉద్యోగం. తప్పులు పట్టడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. దానికి జీతం కూడా ఇస్తారని తెలిసిన రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. బట్టలు ఉతికే గది పక్కన, ఒక బల్ల, రెండు కుర్చీలు పట్టే గది నాది.

పోయిన ఏడాది మా పెద్ద డాక్టరు గారు అన్ని విభాగాల నుంచీ జాబితా అడిగారు. ఎన్ని వ్యాసాలు రాశారు, వాటిని ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు అని. అలా పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. ఎన్ని సైటేషన్లుంటే ఆ పని అంతమందికి పనికొచ్చినట్టు లెక్క. నా కాగితం చూసి ఆయన కళ్ళజోడు తీసి, ఈ ఒక్కటీ మీరే రాసుకున్నారా అని మరాఠీలో అడిగారు. వంట బాగుందని ఇంట్లో కూడా నేనే చెప్పుకుంటానండీ అన్నాను. ఆయన నవ్వారు కానీ మాట మార్చలేదు. నా పని ఎవరికైనా పనికొచ్చిందని వారం రోజుల్లో చూపించాలి, లేదంటే గది మూసేసి నన్ను తిరిగి వార్డుకి పంపుతారు. గదిలోకి వచ్చి కూర్చుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నా వ్యాసం ఒక మందుల చీటీ గురించి. మా నాన్న తెలంగాణ నుంచి బొగ్గు గనిలో పనికి ఇక్కడికి వచ్చాడు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇక్కడ చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ గర్వంతో ఇంటికి వెళ్ళే రోగుల కోసం తెలుగు అక్షరాల్లో చీటీ రాస్తే, ఒకాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని, మస్తుగున్నది సిస్టర్ అన్నాడు. నా గర్వం అక్కడే దిగిపోయింది. తర్వాత అదే తెలుగుని మరాఠీ అక్షరాల్లో రాశాను. "పొద్దుగాల బువ్వ తిన్నంక ఒక గోలీ" అని, పక్కన సూర్యుడి బొమ్మ. బడికి వెళ్ళినవాళ్ళెవరైనా పైకి చదివితే ముసలివాళ్ళకి ఇట్టే తెలిసిపోయేది.

దాన్ని బయట ఎవరైనా వాడుతున్నారేమో చూద్దామని ఎస్టీ అని పిలిచే ఇక్కడి సర్కారు బస్సెక్కాను. మొదటి రోజే విసాపూర్‌లో ఆరోగ్య కేంద్రం బల్ల మీద నా చీటీ కనిపించింది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసీ తీసీ సూర్యుడు మసకబారిపోయాడు. అయినా అది నాదేనని కింద మూలనున్న గుండ్రటి మరక చెప్పింది. అసలు కాగితం మీద చాయ్ గ్లాసు పెట్టింది నేనే. మళ్ళీ రాయడానికి బద్ధకించి జిరాక్స్‌కి ఇచ్చిందీ నేనే. మరక పడిన కాగితం రోగికి ఇవ్వరాదని మా గోడకి అంటించిందీ నేనే.

కోర్పనాలోనూ ఆ మరక కనిపించింది, అక్కడి ఆసుపత్రిలోనూ, ఒక మందుల దుకాణంలోనూ. కనిపించినచోటల్లా అడిగి ఒక కాపీ సంచిలో వేసుకున్నాను. ఇవి సైటేషన్లు కాకపోతే మరేమిటని బస్సులో నాలో నేనే వాదించుకుంటూ గెలుస్తూ వెళ్ళాను.

చివరి రోజు జివతి. రక్తం తక్కువై ఇనుము గోలీలు వాడుతున్న ఒక అవ్వ వాకిట్లో కూర్చుని చీటీ చూపించింది.

"దేంతోని మింగుతున్నవ్ అవ్వా?"

"చాయ్‌తోని. గీడ గిలాస బొమ్మ ఏసుంది గదా, కనవడ్తలేదా?"

ఆమె కోడలు కూడా తలూపింది. "మేమందరం గట్లనే అనుకున్నం సిస్టర్."

నా ముఖం మాడిపోయింది. చాయ్‌తో మింగితే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. వెంటనే నీళ్ళతోనే మింగమని చెప్పాను, కానీ ఆ మరక ఇంకా ఎన్ని ఊళ్ళకి వెళ్ళిందో! అవ్వ సంగతి చెప్పకుండా సంచిలోని చీటీలు మాత్రం చూపిస్తే గది నాకు దక్కుతుంది, అడిగేవాళ్ళు కూడా లేరు. తిరుగు బస్సులో రాజురా దాకా అదే ఆలోచన. అలా ఆలోచించినందుకు సిగ్గేసింది. సొంత తప్పు దాచుకుని కాపాడుకున్న గదిలో కూర్చుని రేపు ఎవరి తప్పు పట్టను?

మర్నాడు చీటీలన్నీ పెద్ద డాక్టరు గారి బల్ల మీద పరిచి, అవ్వ సంగతి ముందే చెప్పేశాను. ఆయన ఒక్కో చీటీ ఎత్తి మరకని చూశారు. ఇది ఎక్కడెక్కడికి వెళ్ళిందని అడిగారు. తెలియదు, ఊరూరా తిరిగి వెతికి అన్నీ మార్చాలన్నాను. మరక చీటీలన్నీ మార్చేదాకా గది ఉండాలని ఫైలులో రాశారు. సంతకం పెడుతూ, నాకోసం తెప్పించిన చాయ్ గ్లాసుని చీటీలకి దూరంగా జరిపారు.

కొత్త చీటీలో "గోలీ నీళ్లతోనే, చాయ్‌తోని వద్దు" అని పెద్దగా రాశాను. మొదటిది జివతి అవ్వకే తీసుకెళ్ళాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"గుండ్రం లేదేంది? గిది అసలుది గాదేమో."

"ఆ గుండ్రం నా చాయ్ గిలాసది అవ్వా. తప్పు నాదే."

అవ్వ పడీ పడీ నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"గట్లయితే రాసింది నువ్వేనా? కోడలు సదువుతాంటే మనింటి పిల్లనే పక్కన కూసోని చెప్తున్నట్టుండె. ఎవరో ఏమో అనుకున్న ఇన్నొద్దులు."

పాత చీటీ నాకిచ్చేసింది. అది ఇప్పుడు నా బల్ల మీద అద్దం కింద ఉంది. అవ్వ మాట రాయడానికి గడి లేదు కాబట్టి, ఈ ఏడాది జాబితాలో కూడా సైటేషన్లు ఒకటి అనే రాసిచ్చాను.