ముట్టని నీళ్ళు

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు చేపలు కొన్నవాళ్ళెవరైనా ఈదమ్మ నోటి దెబ్బ తిన్నవాళ్ళే. మొప్పలు తెరిచి చూపిస్తూ, "కండ్లు పెట్టి చూడరాదు, గింత తాజా చేప యాడ దొరుకుతది?" అనేది. బేరమాడితే చేపతోపాటు నాలుగు తిట్లు కూడా కొసరు వేసేది.

అలాంటి మనిషికి కళ్ళే మొరాయించాయి. ఒకటి ఎప్పుడో పోయింది. రెండోదానికి సోమవారం ఆపరేషన్.

కోడలు నర్మద, కొడుకు సతీశ్ మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో చేరినప్పుడు ఈదమ్మ ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత చల్లబడింది. సంఘం నియమమని కోడలు చాయ్ మానడం ఆమెకు వింతే గానీ, కొడుకు చేత కల్లు మానిపించిన దేవుడితో ఆమెకేం పేచీ? వారానికో సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని పాటలు పాడుకుంటుంటే తనూ గోడకానుకొని వినేది, విననట్టే మొహం పెట్టి.

ఆపరేషన్‌కు ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చారు. ఇద్దరిద్దరుగా వెళ్ళి ఒకరి ఇల్లు ఒకరు అరుసుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఒకామె నవత, శేరిగూడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. రెండో ఆమె గొంతు వినగానే ఈదమ్మ పోల్చుకుంది. మన్నెగూడ పటేలింటి కోడలు సుశీల. ఆ ఇంటికి గంపెత్తుకొని ఏళ్ళ తరబడి తిరిగింది. గడప ఇవతలే నిలబడి చేపలు తూచింది. ఆ ఇంటి పెద్దలు చేపలోళ్ళ ఇళ్ళలో మంచినీళ్ళు ముట్టరని ఊరంతటికీ తెలుసు.

అయినా ఇంటికొచ్చినవాళ్ళు. చెంబు కడిగి, నీళ్ళు తానే తెచ్చిచ్చింది. సుశీల రెండు చేతులా అందుకొని పక్కన పెట్టేసింది.

"ఇప్పుడొద్దు పెద్దమ్మా."

నవత కూడా వద్దంది. ఈదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దేవుణ్ణి మార్చుకున్నరు గాని బుద్ధి మార్చుకోలే! నా ఇంట్ల నీళ్ళు ముట్టనోళ్ళకు నా ఇంట్ల ఏం పని? లేవుండ్రి!" అని కోడలివైపు తిరిగింది. "ఇగ నువ్వు గీళ్ళ ప్రార్థనకు పోయినవంటే మల్ల నా గడప తొక్కకు."

సుశీల ఏదో చెప్పబోయి ఆగి, "తప్పయింది పెద్దమ్మా" అని మాత్రం అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

నర్మదకు ఏడుపు ఆగలేదు. "ఉపాసమున్న సంగతి చాటుకోవద్దంటరు మా తాన. అందుకే వాళ్ళు చెప్పలే, నేను సుత చెప్పలే. నిన్న మాపటి సంది వాళ్ళు మంచినీళ్ళు సుత ముట్టలే అత్తమ్మా."

"ఏం పండుగున్నదే?"

"పండుగ గాదు. రేపు నీ కంటికి ఆపరేషన్ గదా. నీకోసమే. సంఘమంత ఉన్నది."

ఈదమ్మ ఉండని ఒక్కపొద్దు లేదు. కొడుకు బతకాలని ఉపవాసముంది, చెరువు నిండాలని ఉపవాసముంది. తన పేరు మీద ఇంకొకరు పస్తుండటం మాత్రం ఈ వయసుదాకా ఎరగదు. "నేనేమైతనే వాళ్ళకు?" అని గొణిగింది.

చెప్పులైనా తొడుక్కోకుండా, గోడలు తడుముకుంటూ గల్లీలోకి నడిచింది.

"సుశీలమ్మా! జర ఆగుండ్రి! ఉపాసం ఎప్పుడిడుస్తరు?"

"పొద్దుగూకినంక, పెద్దమ్మా."

"అయితే నా ఇంట్లనే ఇడువాలె. కొర్రమట్ట చేప పులుసు వండుత."

పొద్దుగూకింది. పులుసు వాసన గల్లీ చివరిదాకా పోయింది. చాపమీద కూర్చొని సుశీల కళ్ళు మూసుకొని ప్రార్థించింది. మధ్యలో "ఈదమ్మ" అని పేరు పెట్టి దేవుడికి చెప్పుకుంటుంటే ముసలామె చెవులు రిక్కించి వింది. తన పేరు అంత దూరం పోతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

నర్మద పళ్ళేలు చూసి, "నీ పళ్ళెమేది అత్తమ్మా? పగటీలి బువ్వ సుత తినకపోతివి" అంది.

"నాకోసం వాళ్ళు ఎండుతుంటే నా నోట్లకు బువ్వ ఎట్ల పోతది? ముందుగాల వాళ్ళని తిననియ్యి."

సుశీల తన పళ్ళెంలో చేపముక్క విప్పి, అన్నంలో కలిపి ముద్ద చేసింది. తన నోట పెట్టుకోలేదు. ఈదమ్మ దగ్గరికి జరిగింది.

"నీకోసమున్న ఉపాసం నీతోనే ఇడుస్తం. నోరు తెరువు పెద్దమ్మా."

ఊరందరికీ చేపలు తినిపించిన ఈదమ్మ, ముల్లు తీసిన ముద్ద ఇంకొకరి చేతినుంచి తినడం అదే మొదలు.