కారణం రాయాల్సిన చోట

ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో నా పని ఇతరుల పెన్షన్ కాగితాలు నింపడం. భార్య పేరు, పుట్టిన తేదీ, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో. ఒక్క అక్షరం తప్పు పోనిచ్చేవాణ్ణి కాదు. నేను రిటైరైనప్పుడు మాత్రం ఆ గడిలో గీత గీసి సంతకం పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను కాపురం చేస్తున్న మనిషి మగవాడు. నా పెన్షన్ నా తర్వాత ఆయనకు రాదు. హన్మకొండలో దర్జీ దుకాణం నడిపే ఆయనకు సొంత పెన్షనూ లేదు. మిగిలింది నా పేరు మీదున్న ఇల్లు. వీలునామా రాయకుండా నేను పోతే ఆ ఇంట్లో ఆయన ఎవరూ కాదు.

అందుకే ఇద్దరం రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కనున్న డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాం. సాక్షులుగా నా మేనకోడలు, ఆమె భర్త స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చారు. వీలునామా లేకపోతే ఇల్లు నా చెల్లెలికే చేరుతుంది. అయినా కూతుర్ని సాక్షిగా పంపింది ఆమే.

ఆయన మోకాళ్ల నొప్పులతో గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్నాడు. రైటర్ అటు చూసి అడిగాడు.

“ఆయన మీకేమైతడు సార్?”

నోటి దాకా వచ్చిన మాట మింగేసి “దోస్తు” అన్నాను. అరవై దాటినా ఆ పిరికితనం పోలేదు, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

“రక్తసంబంధం లేనోళ్లకు రాస్తే కారణం చూపియ్యాలె. లేకుంటే రేపు ఎవడన్న కోర్టుకు పోతడు. ‘ముసలితనంల నాకు సేవ చేసినందుకు’ అని పెడ్త. అందరికి అట్లనే రాస్తం.”

నాకు ఒళ్లు మండింది. సేవా? ఇంట్లో వంట నాది. ఆయన మోకాళ్లకు నూనె రాసేది నేను. పైగా ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. జీతానికి కుదిరినవాడిలా ఆయన్ని కాగితం ఎక్కిస్తే ఊరుకుంటానా?

“సేవ గీవ తీసెయ్.”

“మరేం రాయమంటరు? ఏమైతడో మీరు చెప్తనే లేరు.”

మేనకోడలు ముందుకొచ్చింది.

“నాకైతే మేనమామ. నా పెండ్లిల నన్ను గంపల కూసోబెట్టి మండపం దాక మోసింది వీళ్లిద్దరే. ఒక దిక్కు ఈ మామ, ఇంకో దిక్కు ఆ మామ. మా అమ్మనే మొయ్యమన్నది. ఇగ ఈ మామకు ఆ మామ ఏమైతడో మీరే సమజ్ చేసుకోండ్రి.”

రైటర్ దగ్గరున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ పిల్లే అంత ధైర్యంగా చెప్పాక నేను దాచుకోవడం ఆమెను చిన్నబుచ్చడమే అనిపించింది.

“రాయి,” అన్నాను గట్టిగా. “ఇరవై ఎనిమిదేళ్లుగా నాతో కలిసి బతుకుతున్న నా జీవిత సహచరుడు. అదే కారణం.”

రైటర్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. ఆ మాటే టైప్ చేశాడు.

“ఇట్ల ఎన్నడు రాయలే సార్. కాని చెల్లుతది.”

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫొటో, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు అన్నీ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కొలతల పుస్తకం చూసినట్టు వేలు పెట్టి మెల్లగా చదివాడు. ఆ మాట దగ్గర వేలు ఆగింది. కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అప్పుడు మోకాళ్లు పట్టుకుని లేచి, నేరుగా రైటర్ ముందుకెళ్లి నిలబడ్డాడు.

“అన్నా, నా పేరు మీద రెండు కుట్టుమిషన్లున్నయ్. అవి ఈయనకు రాయాలె. కారణం మాత్రం అదే పెట్టు.”