బాపు మింగిన గోలీలు

పొద్దున్నే మనవరాలు ఫోన్ చేసి "అమ్మమ్మా, గోలీలు వేసుకున్నవా?" అని అడిగింది. హైదరాబాదులో ఇంగ్లీషు చదువులు చదివే ఆ పిల్ల నోట మన గోలి మాట రావడం నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను.

మా హుజూరాబాద్‌లో ఆ ఒక్క మాట ఎన్నింటికి సరిపోయేదో మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తమ్ముడి లాగు జేబులో గలగలలాడేవీ గోలీలే, బస్టాండు దగ్గర సోడా సీసా మెడలో ఇరుక్కుని నొక్కితే కీచుమనేదీ గోలీయే, దవాఖానలో కాగితం పొట్లం కట్టి ఇచ్చేవీ గోలీలే. వీటన్నిటికంటే ముందు నేనెరిగినవి మాత్రం మా బాపమ్మ, అంటే మా నాన్నను, మా బాపును కన్న తల్లి, చేసిన గోలీలు. మిరియాలు, శొంఠి, వాము దంచి, పాత బెల్లంతో కలిపి శనగగింజంత ఉండలు చేసి, చాటలో నీడకు ఆరబెట్టి, సత్తు డబ్బాలో దాచేది. వాడకట్టులో ఎవరు దగ్గుకుంటూ వచ్చినా ముందు ఒకటి తన నోట్లో వేసుకుని, ఆ తర్వాతే వాళ్ళ చేతిలో పెట్టేది. ఇచ్చే మనిషి మింగనిది పుచ్చుకునే మనిషి ఎందుకు మింగాలన్నది ఆమె పద్ధతి. మగ్గం మీద కూర్చున్న మా బాపుకు ఇదంతా నవ్వులాట, మీసాలు వచ్చాక ఆ గోలి ముట్టనే లేదు.

ఒక వానాకాలం బాపమ్మకే చలిజ్వరం పట్టుకుంది. బాపు దవాఖాన గోలీలు తెస్తే, ముందు నువ్వు మింగమని పట్టుబట్టి ఆమె నోరు విప్పలేదు. జ్వరం లేనివాళ్ళు వాటిని మింగకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడాయె. మర్నాటికి ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే, ఇక మనిషి దక్కదేమోనని మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, బాపు మగ్గం ఆపి మంచం పక్కన కూలబడ్డాడు.

"అవ్వా, నీ కాళ్ళు మొక్కుత, జర మింగరాదే."

"నా గోలి ఎన్నడన్న మింగినవా బిడ్డా? నీ గోలి నేనెందుకు మింగాలె?"

బాపు లేచి, సత్తు డబ్బా దించి, ఒక గోలి నోట్లో వేసుకున్నాడు. ఆ ఘాటుకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే బాపమ్మ అంత జ్వరంలోనూ నవ్వి, నోరు తెరిచింది. అప్పటినుంచి మందు వేళైందంటే ఆమె గోలి ఆయనకు, ఆయన గోలి ఆమెకు. డబ్బా అడుగు కనబడేసరికి జ్వరం తగ్గింది, బాపమ్మ మళ్ళీ చాట ముందేసుకుని కూర్చుంది, ఈసారి రోట్లో మిరియాలు దంచింది మా బాపే.

వాళ్ళిద్దరూ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు నా గోలీలు వారానికి సరిపడా గడుల డబ్బాలో సర్ది ఉంటాయి, వేళకు ఫోన్ గుర్తు చేస్తుంది, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ గోలి అరచేతిలోకి తీసుకున్నాక ఎదుటి మనిషి మింగిందా అని తలెత్తి చూసే అలవాటు మాత్రం నాకింకా పోలేదు, ఎదురుగా ఎవరూ లేరని తెలిసీ చూస్తాను.